చీకటి వార్డులో జ్యోతి ప్రజ్వలన

గొల్లపేట సెంటర్లో 'శ్రీ నూకాలమ్మ లైటింగ్ అండ్ మైక్ సెట్' అని బోర్డు కనిపిస్తుందే, ఆ కొట్టు చిక్కాల నూకరాజుది. సీరియల్ బల్బుల తోరణాలు, గిరగిరా తిరిగే రంగుల చక్రాలు, నాలుగు హారన్ బాకాలు, ఒక జనరేటరు, రెక్కలు విప్పి ముడిచే కరెంటు నెమలి, ఇదీ ఆయన ఆస్తి. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన దీపాలు వెలగని పెళ్ళీ లేదు, ఆయన మైకు గీపెట్టని జాతరా లేదు. చీకటంటే మనిషికి మహా చిరాకు. పొద్దు వాలకముందే ఇంట్లో లైట్లన్నీ వేసేసేవాడు. కరెంటు బిల్లు చూసి భార్య చక్రవేణి ఎంత సాధించినా చెవిన పెట్టేవాడు కాదు. అలాంటివాణ్ణి పట్టుకెళ్ళి కటికచీకట్లో కూర్చోబెట్టాలని పైవాడికి ఎందుకు బుద్ధి పుట్టిందో మరి.

అమ్మవారి జాతరకి నెమలిని కడదామని నిచ్చెన ఎక్కుతుంటే గుండె పట్టేసింది. చెమటలు పోశాయి, నిచ్చెన మీదే కూలబడ్డాడు. జిల్లా కేంద్రంలోని పెద్ద గుండె ఆసుపత్రికి తీసుకుపోతే, మోటారు పైపులో గార కట్టినట్టు రక్తనాళాల్లో కొవ్వు గడ్డకట్టిందని తేల్చారు. బుడగ ఊది స్ప్రింగు పెడదామంటే అది ఉన్న చోటు మెలికల్లో ఉంది. కోసి కుడదామంటే షుగరూ కిడ్నీలూ కలిసి ఒప్పుకోవడం లేదు. ఇక మిగిలింది కొత్త వైద్యం ఒక్కటే అని, అప్పుడే బదిలీ మీద వచ్చిన గుండె డాక్టరు షాహిదా బేగం చెప్పింది.

ఆవిడ ఓపిగ్గా విడమరిచింది. ముందు ఒక సూదిమందు ఇస్తారు. ఆ మందు ఒళ్ళంతా తిరిగి, గార ఉన్న చోటు చూసుకుని అక్కడ అతుక్కుంటుంది. తర్వాత వెంట్రుకలాంటి తీగ లోపలికి పంపి, దాని కొసన దీపం వెలిగిస్తారు. ఆ వెలుగు తగిలితే మందు మెరుస్తుంది, గార ఎక్కడెక్కడుందో బయటపడుతుంది. అప్పుడు ఎర్ర లైటు పెంచితే ఆ మందే గారని అక్కడికక్కడే అణిచేస్తుంది.

"అంటే లోపల సీరియల్ సెట్టు వేస్తారన్నమాట" అన్నాడు నూకరాజు.

డాక్టరు కాసేపు ఆలోచించి, ఇంచుమించు అంతే అంది. మెలిక ఒకటుంది. సూదిమందు పడ్డాక మనిషి కడగని ఫోటో రీలు లాంటివాడు. గట్టి వెలుతురు తగిలిందా, చర్మం కాలుతుంది, కళ్ళు దెబ్బతింటాయి. అందుకని మందు ఒంట్లోంచి పోయేదాకా నీడపట్టున ఉండాలి. ఇంకో సంగతి, మర్నాడు పొద్దుగూకేలోగా దీపం పని పూర్తికావాలి. అది దాటితే మందు గారని వదిలేసి పోతుంది. మరో సీసా తెప్పించాలంటే నెలలు పడుతుందనీ, ఆయన గుండె అన్నాళ్ళు ఆగేలా లేదనీ ఆవిడ దాపరికం లేకుండా చెప్పేసింది. నూకరాజు చక్రవేణి వంక చూశాడు. చక్రవేణి గోడ వంక చూసింది.

ఇదంతా వైద్యం. ఇక్కణ్ణుంచి యంత్రాంగం.

అసలు యంత్రం ఆసుపత్రికి వచ్చి ఏడాది దాటింది. ప్రారంభోత్సవం జరగలేదు కాబట్టి అట్టపెట్టెలోనే ఉంది. సూపరింటెండెంటు డాక్టర్ సోమసుందరంగారు దాని మీద పసుపు కుంకుమలు చల్లించి, రోజూ ఒకసారి వచ్చి చూసుకుని పోయేవారు. ఇన్నాళ్ళకి మంత్రిగారు బుధవారం పొద్దున్న పదింటికి సమయం ఇచ్చారు. దాన్ని బట్టి నూకరాజుకి మంగళవారం పొద్దున్నే మందు ఎక్కించాలనీ, మంత్రిగారి అమృతహస్తాలతో మీట నొక్కించి ఆ శుభముహూర్తానే తొలి చికిత్స కానివ్వాలనీ తీర్మానం అయింది. ముహూర్తాన్ని బట్టి పెళ్ళి చెయ్యడం చూశాడు గానీ, ముహూర్తాన్ని బట్టి గుండెజబ్బు నయం చెయ్యడం నూకరాజు అదే చూడటం.

డాక్టరు షాహిదా అడిగింది తక్కువే. కిటికీకి మందపాటి పరదా, మూలన ఒక మసక ఎర్రబల్బు ఉంటే చాలంది. సూపరింటెండెంటుగారికి ఆ మాట మరీ సాదాగా తోచింది. వెంటనే 'చీకటి పరిరక్షణ కమిటీ' ఏర్పాటైంది. దానికి అధ్యక్షులు ఆయనే. ఎర్రబల్బు కూడా బల్బేనని కమిటీ మొదటి సమావేశంలోనే కనిపెట్టింది. ఆ గదిని 'కాంతి నిషేధిత మండలం'గా ప్రకటించారు. బల్బులు పీకేశారు, కిటికీలకి చెక్కలు కొట్టేశారు. చక్రవేణి ముక్కుపుడక రాయి మెరుస్తోందని తీయించి కవర్లో పెట్టి సీలు వేశారు. పెళ్ళయిన నాటినుంచి తియ్యలేదు బాబూ అని ఆవిడ మొత్తుకున్నా, వ్యక్తిగత ఆభరణాల విషయమై మినహాయింపులు లేవన్నారు.

తలుపు మీద 'లోపల కాంతి నిషేధం' అని నిలువెత్తు అక్షరాలతో బోర్డు పెట్టారు. వసారాలో మసగ్గా ఉంది, వచ్చేవాళ్ళు బోర్డు చదవలేకపోతే ఎలాగని దాని నెత్తిన పెద్ద ఫోకస్ లైటు బిగించారు. దాంతో తలుపు తీసినప్పుడల్లా వెలుగు తిన్నగా నూకరాజు మంచం మీద పడేది. షాహిదా వెళ్ళి పోట్లాడితే, బోర్డు చదివినవాడెవడూ తలుపు తియ్యడు కదా అన్నారు. చివరికి చక్రవేణే తన పాత చీర మడతలు పెట్టి గుమ్మానికి లోపలివైపు కట్టింది.

మంగళవారం పొద్దున్న మందెక్కింది. నూకరాజు జన్మలో మొదటిసారి అసలైన చీకటి చూశాడు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. మధ్యాహ్నం ఏదో మెత్తగా పెడితే ఉప్మా అనుకుని తిన్నాడు. పెరుగన్నం అని చక్రవేణి తర్వాత చెప్పింది.

భోజనం అయ్యాక కమిటీ తనిఖీకి వచ్చింది. గదిలో చీకటి నాణ్యంగా ఉందో లేదో నిర్ధారించి సంతకం చెయ్యాలి. లోపలికి వచ్చి నిలబడితే వాళ్ళకి ఏమీ కనపడలేదు. ఏమీ కనపడకపోతే తనిఖీ చేసినట్టు ఎలా అవుతుందని ఎవరో సందేహం లేవదీశారు. సూపరింటెండెంటుగారు జేబులోంచి టార్చిలైటు తీసి, చీకటి ఎంత ఉందో చూద్దామని నాలుగు మూలలకీ కొట్టి, ఆఖర్న మంచం మీదకి కొట్టారు. నూకరాజు దుప్పటి మీదకి లాక్కున్నాడు గానీ ఎడం చెయ్యి బయటే ఉండిపోయింది. చురుక్కుమంది. సాయంత్రానికి ముంజేతి మీద అరచెయ్యంత మేర ఎర్రగా కందిపోయింది. కమిటీ మాత్రం చీకటి సంతృప్తికరంగా ఉన్నదని రాసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజే నర్సులతో మరో చిక్కు వచ్చింది. హాజరు ముఖం చూపించి వేయాలి. పని చేసేచోటే నిలబడి ఫోన్లో మొహం చూపించాలి, ఫోన్ ఆ మొహాన్ని గుర్తుపట్టాలి. చీకట్లో దానికి మొహమెక్కడ కనపడుతుంది? గదిలో ఉన్న సిస్టర్లందరికీ గైర్హాజరు పడింది. ముగ్గురు సిస్టర్లు హాజరు కోసం వెలుతురున్న వార్డులకి మారిపోయారు. జీతం పోతే ఎవరిస్తారని వాళ్ళు అడిగిన మాటలో తప్పేమీ లేదు. ఆ విధంగా గదిలో రోగీ, ఆయన భార్యా మాత్రమే మిగిలారు. వాళ్ళకి హాజరుతో పనిలేదు.

అసలు గండం ఇంకోటి. సాయంత్రం కంప్యూటర్ ఆపరేటరు హేమలత అనే అమ్మాయి ఫోను పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి బిక్కమొహం వేసింది. లబ్ధిదారుడి ముఖం ఫోటో తీసి ఎక్కిస్తేనే ప్రభుత్వ వైద్య పోర్టల్ అనుమతి నంబరు ఇస్తుంది. ఆ నంబరు కొడితేనే యంత్రం తెరుచుకుంటుంది. ఒకరి పేరు మీద ఇంకొకరికి వైద్యం జరిగిపోకుండా ప్రభుత్వం వేసిన తాళం అది. హేమలత చీకట్లోనే ఫోటో తీసి చూసింది. ముఖం కనబడలేదు అంది పోర్టల్. మళ్ళీ తీసింది. లబ్ధిదారుడు తగినంత వెలుతురులో కళ్ళు తెరిచి ఉండవలెను అంది. మినహాయింపు కోరుతూ పెట్టుకుంటే, మినహాయింపు దరఖాస్తుతో లబ్ధిదారుడి ముఖం ఫోటో జతచేయవలెను అని వచ్చింది. మందు ఎక్కించకముందే ఎందుకు తియ్యలేదని షాహిదా కేకలేస్తే, మందు ఎక్కించాక తీసిన ఫోటోయే చెల్లుతుందనీ అదే రూలనీ ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

చీకట్లో ఉంటే యంత్రం తెరుచుకోదు, వెలుగులోకి వస్తే ఒళ్ళు కాలుతుంది. కిటికీకి కొట్టిన చెక్కల వంక చూస్తూ, అంటే చెక్కలు ఉండాల్సిన దిక్కుకి చూస్తూ, నూకరాజు తన ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఇంత అడ్డదిడ్డం కనెక్షను ఎక్కడా చూడలేదనుకున్నాడు.

ఆ సాయంత్రం సమావేశంలో ఈ సంగతి చర్చకి రావాల్సింది. రాలేదు. సమావేశమంతా దీపం తినేసింది. ప్రోటోకాల్ తహసీల్దారు కామేశ్వరప్రసాదుగారు వచ్చి, గౌరవ మంత్రివర్యుల కార్యక్రమం జ్యోతి ప్రజ్వలనతోనే ప్రారంభం కావలెనని సెలవిచ్చారు. అది ఎవరి చేతుల్లోనూ లేదు. అయితే ప్రారంభించాల్సిన గది కాంతి నిషేధిత మండలం. దీపం పెడితే నిషేధం తప్పుతుంది, పెట్టకపోతే ప్రోటోకాల్ తప్పుతుంది. కుందులు పెట్టి, వత్తులు వేసి, మంత్రిగారు వెలిగించినట్టు చేత్తో చూపిస్తే సరిపోదా అని సూపరింటెండెంటుగారు అన్నారట. దానికి తహసీల్దారుగారు గంభీరంగా ఇలా అన్నారట: "వెలిగించని జ్యోతిని వెలిగినట్లుగా పరిగణించవచ్చునా అనే విషయమై పై నుండి స్పష్టమైన ఆదేశాలు లేవు."

చివరికి మధ్యేమార్గం దొరికింది. ఆసుపత్రి ఆవరణలో షామియానా వేసి, ధగధగలాడే లైటింగు మధ్య వేదిక కడతారు. రోగిని నల్ల కంబళిలో తల నుంచి కాళ్ళ దాకా చుట్టి స్ట్రెచరు మీద వేదిక ఎక్కిస్తారు. మంత్రిగారు జ్యోతి వెలిగిస్తారు, కంబళి మీద శాలువా కప్పుతారు, మీట నొక్కుతారు. మధ్యలో ఒక్క క్షణం కంబళి తొలగించి హేమలత ఫోటో తీసుకుంటుంది. చీకటీ దక్కింది, జ్యోతీ దక్కింది, పోర్టలూ దక్కింది. మిగిలింది రోగి ఒక్కడే, ఆ ఒక్కడి సంగతి ఎవరికీ తట్టలేదు.

లైటింగుకి కొటేషన్లు పిలిస్తే అందరికంటే తక్కువకి శ్రీ నూకాలమ్మ లైటింగ్ వచ్చింది. నూకరాజు బావమరిది వేశాడు. ఆ సంగతి చక్రవేణి చీకట్లో గుసగుసగా చెప్పింది.

"నెమలిని కూడా తెమ్మన్నారంట."

"నెమలి దేనికే?"

"మంత్రిగారు మీట నొక్కితే ఏదోటి కదలాలి కదయ్యా. మిషను కదిలేది జనానికి కనపడదంట. అందుకని మీటని మన నెమలికి కలిపారంట."

బుధవారం వచ్చింది. పది అయింది, మంత్రిగారు రాలేదు. దారిలో రెండు ప్రారంభోత్సవాలు, ఒక గృహప్రవేశం తగిలాయన్నారు. పన్నెండయింది. భోజనానికి ఆగారన్నారు. మూడు దాటింది. బయట తన మైకులోంచి దేశభక్తి పాటలు వస్తూనే ఉన్నాయి. రెండో బాకా గరగరలాడుతోంది, దాని వైరు మార్చమని బావమరిదికి ఎన్నోసార్లు చెప్పాడు నూకరాజు.

అప్పుడు డాక్టరు షాహిదా చీకట్లో తడుముకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. పొద్దుగూకితే మందు ఉన్నా లేనట్టేనంది. ఆ లైట్ల కింద కంబళి తొలగిస్తే నిన్న చేతికి అయింది ఈసారి మొహానికీ కళ్ళకీ అవుతుందంది. సూపరింటెండెంటు కాళ్ళావేళ్ళా పడి చూశాననీ, ఒక్క క్షణమే కదమ్మా అంటున్నారనీ చెప్పింది.

నూకరాజుకి భయం వేసింది. నిచ్చెన మీద గుండె పట్టేసినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు. అప్పుడు చుట్టూ తన లైట్లున్నాయి. ఎంతమంది ఇళ్ళలో శుభమా అని దీపాలు వెలిగించాడు, తను పోయే వేళకి పక్కనున్న మనిషి మొహం కూడా కనపడకపోవడం ఏం న్యాయమనిపించింది.

"నాకు భయంగా ఉందే" అన్నాడు.

చక్రవేణి వెతుక్కుని ఆయన చెయ్యి పట్టుకుంది. డాక్టరు వైపు తిరిగినట్టుంది, గొంతు అటునుంచి వినపడింది.

"డాక్టరమ్మా, కంబళి కప్పాక లోపలున్నది ఎవరో ఎవరు చూడొచ్చారు?"

షాహిదా చిన్నగా నవ్వింది. రెండు రోజుల్లో ఆవిడ నవ్వడం నూకరాజు వినడం అదే మొదలు. మరి ఫోటో తీస్తారు కదా, మగవాడి పేరు మీద ఆడమనిషి మొహం పోర్టల్ తీసుకోదు కదా అని డాక్టరు అంటే, కంబళి తొలగనిస్తే కదా అంది చక్రవేణి. అంచులు రెండు చేతుల్తో లోపల్నుంచి బిగబట్టుకుంటుంది, తర్వాత దేవుడున్నాడు. నంబరు రాకపోతే అని నూకరాజు నసిగాడు. "అక్కడికెళ్ళి కాలేకంటే ఇక్కడ ఎదురుచూడ్డం నయం కాదా, నోర్మూసుకో" అంది.

నాలుగింటికి సైరన్లు మోగాయి. వెనక దారిన, వెలుతురు లేని వసారా గుండా, దుప్పట్లలో చుట్టి షాహిదా నూకరాజుని యంత్రం గదికి చేర్చింది. హాజరు సంగతి పక్కనబెట్టి ఒక సిస్టరు తోడొచ్చింది. చక్రవేణి మంచమెక్కి పడుకుంది. స్ట్రెచరు తోసేవాళ్ళు వచ్చి నల్ల కంబళి చుట్టి, లబ్ధిదారుడు నిన్నటికి ఇవాళ్టికి బరువెక్కాడని ఒకరితో ఒకరు అనుకుంటూ తోసుకుపోయారు.

ఆ తర్వాత జరిగిన సభని నూకరాజు చీకట్లో బల్ల మీద పడుకుని తన బాకాల్లోంచే విన్నాడు. సూపరింటెండెంటుగారు స్వాగతం పలికారు. అజ్ఞానపు చీకట్లను పారద్రోలి, నాళనాళాన జ్యోతిని నింపుతున్న మహనీయుడు అన్నారు. చీకటి పరిరక్షణలో తమ కమిటీ చేసిన కృషిని సవినయంగా మనవి చేసుకున్నారు. తహసీల్దారుగారు ఎవరెవరు వేదిక మీదున్నారో చదివారు, చదివిన పేర్లలో తప్పిపోయినవి మళ్ళీ చదివారు. షాహిదా యంత్రం ముందు నిలబడి, ఫోను చేతిలో పట్టుకుని, అనుమతి నంబరు కోసం చూస్తోంది. తెర వెలుగు నూకరాజు మీద పడకుండా అటు తిప్పి ఉంది.

జ్యోతి ప్రజ్వలన అయింది. చప్పట్లు మోగాయి. ఇప్పుడు లబ్ధిదారుణ్ణి సత్కరిస్తారన్నారు. గరగరలాడే బాకాలోంచి మంత్రిగారి గొంతు దగ్గరగా వచ్చింది.

"ఎలా ఉందయ్యా పెద్దాయనా?"

జవాబు లేదు. షామియానా అంతా చెవులు రిక్కించినట్టుంది. అప్పుడు మైకులోంచి ఒక దగ్గు వినపడింది. పాతికేళ్ళుగా పోపు పెట్టినప్పుడల్లా వింటున్న దగ్గు అది. నూకరాజు కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఆనందంతో ఆయనకి మాట రావడం లేదు" అన్నారు మంత్రిగారు. మళ్ళీ చప్పట్లు. కంబళి తియ్యండి, ఫోటో, ఫోటో అని ఎవరో తొందరపెడుతున్నారు. రావడం లేదండి, గట్టిగా పట్టుకున్నాడండి అని ఇంకెవరో అంటున్నారు. పాపం సిగ్గుపడుతున్నాడు, వదిలెయ్యండి అని మంత్రిగారు శాలువా కప్పడానికి వంగారు. సరిగ్గా ఆ క్షణాన, కంబళి మీదకి గురిపెట్టిన హేమలత ఫోన్లో ఒక మొహం పడింది. నిండు వెలుతురులో, కళ్ళు తెరిచి, చిరునవ్వుతో ఉన్న మొహం. పోర్టల్‌కి ఇంతకంటే ఏం కావాలి? ముఖం నమోదైనది, అనుమతి మంజూరు అంది.

షాహిదా చేతిలో ఫోను ఠంగుమంది. నంబరు కొట్టింది. ఏడాదిగా పసుపు కుంకుమలతో పూజలందుకున్న యంత్రం మొదటిసారి గుర్రుమని లేచింది. తొడ దగ్గర చిన్న నొప్పి, తర్వాత లోపల ఏదో పాకుతున్నట్టు వెచ్చదనం. బయట మంత్రిగారు మీట నొక్కారు, నెమలి రెక్కలు విప్పుతున్న చప్పుడు, దాని చైను కిర్రుమనడంతో సహా, నూకరాజు గుర్తుపట్టాడు. జనం ఈలలు వేశారు.

"మెరుస్తోందండీ" అంది షాహిదా, తనలో తను అనుకున్నట్టు.

"ఎలా ఉందమ్మా?"

"మీ జాతర సెట్టులాగే ఉంది. మూడు చోట్ల."

అక్కడినుంచి మంత్రిగారు యంత్రం గదికి రావాలి. కానీ ఇంకో ఊళ్ళో ఇంకో జ్యోతి కాచుకుని ఉంది, అటునుంచి అటే వెళ్ళిపోయారు. ఆయన వెనకే సూపరింటెండెంటుగారూ, వాళ్ళ వెనకే అందరూ గేటు దాకా వెళ్ళారు. కంబళి మూటని వేదిక మీదే మరిచిపోయారు. చక్రవేణి కాసేపు చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, లేచి శాలువా మడిచి చంకలో పెట్టుకుని నడుచుకుంటూ వచ్చేసింది. అప్పటికి పొద్దు ఇంకా వాలలేదు. నూకరాజు లోపలి దీపాల పని అయిపోయింది.

మందు ఒంట్లోంచి పోయేదాకా కొన్ని వారాలు ఇంట్లో నీడన గడిపాడు. తర్వాత గొడుగుతో, తర్వాత గొడుగు లేకుండా నడిచాడు. నిచ్చెన ఎక్కాడు, గుండె కిక్కురుమనలేదు. కథ ఇక్కడ అయిపోవాలి. వైద్యం కథైతే అయిపోయేదే.

నెల తిరగ్గానే మాత్రల కోసం ఆసుపత్రికి వెళ్ళాడు. గుండె గట్టిగా ఉండాలంటే ఆ మాత్రలు ఏడాదిపాటు మానకూడదని షాహిదా గట్టిగా చెప్పింది. ముఖం చూపిస్తే గానీ మాత్రలివ్వరు. చూపించాడు. ముఖం సరిపోలలేదు అంది పోర్టల్. హేమలత తెర తిప్పి చూపించింది. పేరు చిక్కాల నూకరాజు, ఊరు గొల్లపేట, జబ్బు గుండె గార. పక్కన ఫోటోలో చిరునవ్వు చిందిస్తూ మంత్రిగారు.

సూపరింటెండెంటుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని తెర వంకా, నూకరాజు వంకా మార్చి మార్చి చూసి, అయ్యా, సాంకేతికంగా పరిశీలిస్తే తమరు నూకరాజు కారు అన్నారు. మరి నా గుండె అన్నాడు నూకరాజు. చికిత్స నూకరాజుకి జరిగింది, నూకరాజు మాత్రం వీరు అని మంత్రిగారి ఫోటో మీద వేలు పెట్టారు. సరిదిద్దే మార్గం ఉంది. నమోదైన ముఖం గల వ్యక్తి స్వయంగా వచ్చి, తాను నూకరాజు కానని ప్రకటించాలి. ఆ సంగతి మంత్రిగారితో చెప్పే ధైర్యం ఆసుపత్రిలో ఎవరికీ లేదు. మంత్రిగారికి గుండెలో గార ఉందని ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న మాట బయటికి పొక్కితే తనకి బదిలీతో పోదని సూపరింటెండెంటుగారు వాపోయారు.

బయట పోర్టికోలో చక్రవేణి నిలబడి ఉంది. ఆవిడ ఎదురుగా, మొన్నటి సభకి కట్టిన నిలువెత్తు ఫ్లెక్సీలో మంత్రిగారు నవ్వుతున్నారు. ఆవిడ దాన్ని చూసింది, హేమలతని పిలిచింది, ఇదిగో నూకరాజు అంది. ఆ పిల్ల అటూ ఇటూ చూసి ఫోను ఎత్తింది. పోర్టల్ మొహాన్ని గుర్తుపట్టింది గానీ, లబ్ధిదారుడు ఒకసారి కళ్ళు ఆర్పవలెను అంది. బతికున్నవాడే అని రూఢి చేసుకోవడానికట.

మర్నాడు నూకరాజు ఆ ఫ్లెక్సీ అడిగి పుచ్చుకుని కొట్టుకి తెచ్చాడు. కళ్ళ వెనక రెండు చిన్న బల్బులు పెట్టి, నెమలి రెక్కలకి వాడే ఫ్లాషరు కలిపాడు. స్విచ్చి వేస్తే మంత్రిగారు కళ్ళు ఆర్పుతారు. ముప్పై ఏళ్ళలో ఎన్నో దేవుళ్ళకి లైటింగు చేశాడు గానీ ఇంత భక్తిగా ఎప్పుడూ చెయ్యలేదు. పోర్టల్ రెండో ఆర్పుకే ఒప్పుకుంది. మాత్రలొచ్చాయి.

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి, మంత్రిగారు ఓడిపోయారు. ఊళ్ళో ఆయన ఫ్లెక్సీలన్నీ ఒక్క పూటలో చింపేశారు. గొల్లపేట సెంటర్లో మాత్రం ఒకటి మిగిలింది. కొత్తగా గెలిచినవాళ్ళ మనుషులు ఆటోలో వచ్చి కొట్టు ముందు దిగారు. ఓడిపోయినవాడి బొమ్మకి బల్బులు పెట్టి మరీ దాచుకుంటావా అని నిలదీశారు. నూకరాజు నిచ్చెన దిగి వచ్చి చేతులు జోడించాడు.

"నేను ఏ పార్టీవాణ్ణీ కాదు బాబూ. గుండె నాదేనండి, మొహం మాత్రం ఆయన దగ్గరుండిపోయింది. ఇది చిరిగిందంటే నా మాత్రలు ఆగిపోతాయి."

వాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. పిచ్చివాడనుకుని వెళ్ళిపోయారు. ఆ రాత్రే చక్రవేణి ఫ్లెక్సీని చాపలా చుట్టి, సత్కారంలో వచ్చిన శాలువా కప్పి, మంచం కింద భద్రంగా పెట్టింది. నెలకోసారి తీస్తుంది. తడిగుడ్డతో దుమ్ము దులుపుతుంది, కళ్ళల్లో బల్బులు వెలుగుతున్నాయో లేదో చూసుకుంటుంది, ఆటోకి కబురంపుతుంది. ఆనక వీధిలోంచి లోపలికి కేకేస్తుంది:

"తెమలవయ్యా, ఆలస్యమైపోతోంది. నీ మొహం తుడిచి ఆటోలో పెట్టాను."